ఊపిరి ముందు, ఒళ్లు వెనక

మా తాత తాలీంలో, అంటే కుస్తీ గోదాలో, మాతో దండీలు తీయించేటప్పుడు లెక్క పెట్టేవాడు కాదు. పక్కన నిలబడి మా ఊపిరి వినేవాడు. కిందికి దిగేటప్పుడు ఎవరికైనా ఊపిరి బిగుసుకుపోతే వీపు మీద చెయ్యేసి, "గాలి ఇడువురా, పైసలు దాసుకున్నట్టు దాసుకుంటవేంది" అనేవాడు. అప్పుడు నాకు పదేళ్లు. నలభై దాటిన తర్వాత అదే మాట మైసూరులో మళ్లీ విన్నాను. అక్కడి గురువుగారు కన్నడంలో చెప్పారు. నా చెవికి మాత్రం మా తాత గొంతే వినపడింది.

నేను పాలమూరు జిల్లా పరిషత్ బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కొత్తకోటలో మా ఇంటి మీది హాల్లో రోజూ పొద్దున ఐదింటికి పదిహేను మందిదాకా వస్తారు. మేం చేసేదాన్ని అష్టాంగ విన్యాస యోగం అంటారు. టీవీలో చూసే యోగాకూ దీనికీ తేడా ఏమిటని చాలామంది అడుగుతుంటారు. ఒక ఆసనం వేసి, కాసేపు అలాగే ఉండి, తర్వాత పడుకొని సేదతీరడం కాదిది. ఇందులో కదలిక ఆగదు. ఒక ఆసనంలోంచి ఇంకొక ఆసనంలోకి వెళ్లే దారి కూడా సాధనే. ఆ దారిలో ప్రతి కదలికకూ ఒక ఊపిరి కేటాయించి ఉంటుంది. చేతులు పైకి లేపితే పీల్చాలి, వంగితే వదలాలి. అలా ఊపిరికీ కదలికకూ ముడి వేయడమే విన్యాసం. అష్టాంగం అన్న పేరు పతంజలి చెప్పిన ఎనిమిది అంగాల నుంచి వచ్చింది: యమ, నియమ, ఆసన, ప్రాణాయామ, ప్రత్యాహార, ధారణ, ధ్యాన, సమాధి. మేం చేసేది మూడో అంగం దగ్గర మొదలవుతుంది. మిగతావి దాని వెంట నెమ్మదిగా వస్తాయని ఈ సంప్రదాయపు నమ్మకం.

సూర్యనమస్కారం చూస్తే సంగతి అర్థమవుతుంది. మేం మొదట చేసే నమస్కారంలో తొమ్మిది విన్యాసాలు ఉంటాయి. లెక్క సంస్కృతంలో నడుస్తుంది. పాదాలు జోడించి నిటారుగా నిలబడతాం, దాన్ని సమస్థితి అంటారు. ఏకం అనగానే పీలుస్తూ చేతులు పైకెత్తాలి, చూపు బొటనవేళ్ల మీద. ద్వే అంటే వదులుతూ ముందుకు వంగాలి. త్రీణి, పీలుస్తూ తల మాత్రం ఎత్తాలి. చత్వారి, వదులుతూ కాళ్లు వెనక్కి వేసి ఒళ్లంతా కర్రలా చేసి నేలకు జానెడు ఎత్తులో నిలపాలి. మా తాత తీయించిన దండీ అచ్చం ఇదే. పంచ, పీలుస్తూ ఛాతీ ముందుకు తెచ్చి పైకి చూడాలి. షట్, వదులుతూ నడుము పైకెత్తి ఒంటిని గుడిసె కప్పులా చేయాలి. అక్కడ ఐదు ఊపిరులు ఆగాలి. సప్త, పీలుస్తూ కాళ్లు చేతుల మధ్యకు తెచ్చి తల ఎత్తాలి. అష్టౌ, వదులుతూ వంగాలి. నవ, పీలుస్తూ లేచి చేతులు పైకి. వదులుతూ మళ్లీ సమస్థితి.

ఇది చదవడానికి పట్టినంత సేపు కూడా పట్టదు చేయడానికి. కానీ కొత్తగా వచ్చినవాళ్లు మూడో నమస్కారానికే రొప్పుతారు. ఎందుకంటే వాళ్లు ముందు ఒళ్లు కదిలిస్తారు, ఊపిరి వెనక నుంచి ఉరికొచ్చి అందుకోవాలని చూస్తుంది. నేను తిరగేసి చెప్తాను. ముందు పీల్చడం మొదలుపెట్టు, అర క్షణం తర్వాత చేతులు లేవనీ. ఊపిరి అయిపోయేలోపే చేతులు ఆగిపోవాలి. అంటే కదలిక ఊపిరి లోపల ఇమిడిపోవాలి. దీన్ని మాటల్లో చెప్పడం తేలికే, ఒంటికి ఎక్కడానికి నెలలు పడుతుంది.

మా వీధిలో బట్టలు కుట్టే ఒక చెల్లె మూడేళ్లుగా వస్తోంది. త్రికోణాసనంలో పక్కకు ఒరిగినప్పుడల్లా ఆమె ముఖం ఎర్రబడేది. ఊపిరి ఆపుతున్నావమ్మా అంటే "లేదు సారూ, తీస్తనే ఉన్న" అనేది. ఒకరోజు తనే వచ్చి చెప్పింది: "సారూ, రాత్రి మిషన్ కాడ కూసున్నప్పుడు సూసిన. సూదిల దారం ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబడుతున్న. కాజాలు కుట్టేటప్పుడు గూడ గంతే. పొద్దుందాక బిగబట్టుకునే ఉంటున్నట్టున్న." ఇన్నేళ్లలో నా దగ్గర నేర్చుకున్నవాళ్లు చెప్పిన మాటల్లో ఇంతకంటే విలువైనది నేను వినలేదు. ఆసనంలో కనపడిన లోపం ఆమె బతుకులో ఎక్కడ పుట్టిందో ఆమే పట్టుకుంది. ఇప్పుడు దారం ఎక్కించేటప్పుడు నెమ్మదిగా వదులుతుందట. మెడ నొప్పి మునుపటంత లేదని అంటుంది.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. మావాళ్లు తట్టాపారా పట్టుకొని ఎన్ని రాష్ట్రాల్లో, ఎన్ని ప్రాజెక్టుల్లో మట్టి తవ్వారో లెక్క లేదు. అలా ముప్పై ఏళ్లు తవ్విన ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. నడుము సగమే వంగేది. కానీ శబ్దంతో ఊపిరి తీయడం మొదటి రోజే వచ్చేసింది. ఎలాగంటే గడ్డపార పైకెత్తేటప్పుడు పీల్చి, నేలలో దించేటప్పుడు "హుఁ" అని వదలడం ఆయనకు ఒంట్లో ఇంకిపోయిన పని. రోలు దగ్గర రోకటిపోటు వేసిన మా అమ్మలకూ అది తెలుసు. బలం ఎక్కడ కావాలో అక్కడ ఊపిరి వదలాలన్న ఎరుక మన పనుల్లో ఎప్పటి నుంచో ఉంది.

ఆ శబ్దం గురించి కొంచెం చెప్పాలి. నోరు మూసుకొని, గొంతు లోపల కాస్త బిగించి, ముక్కుతో పీల్చి వదిలితే సన్నటి రొద వస్తుంది. చలికి అద్దం మీద ఊదినట్టు "హా" అని నోటితో వదిలి చూడండి, సగంలో నోరు మూసేయండి. మిగిలిన సగం గొంతులోంచి వచ్చే చప్పుడే అది. చాలామంది దీన్ని ఉజ్జాయి అంటారు. ఉజ్జాయి నిజానికి కుంభకంతో (ఊపిరి నిలిపి ఉంచడంతో) కలిపి కూర్చొని చేసే వేరే ప్రాణాయామమనీ, ఇది శబ్దంతో కూడిన మామూలు స్వేచ్ఛా శ్వాస మాత్రమేననీ మైసూరులో ఈ విద్య నేర్పిన శరత్ జోయిస్ చెప్పేవారు. నాకు ఆ మాటే సరైనదనిపిస్తుంది. పేరు ఏదైనా ఆ చప్పుడు మనకు కాపలా. అది గరగరమంటే ఒళ్లు శ్రమ ఎక్కువ పడుతోందని అర్థం. ఆగిపోతే ఆశకు పోయి తాహతుకు మించి వంగామని అర్థం. పీల్చడం, వదలడం ఒకే నిడివిలో సాగితే ఆసనం సరిగా ఉన్నట్టే. పదిహేను మంది చేస్తున్నప్పుడు నేను కళ్లు మూసుకొని కూడా ఎవరు ఇబ్బంది పడుతున్నారో చెప్పగలను.

ఊపిరికి అంత పెత్తనం ఎందుకు? గుండె మన మాట వినదు, జీర్ణం మన మాట వినదు. వాటంతట అవి నడిచే పనుల్లో మన అదుపులోకి కూడా వచ్చేవాటిలో ముఖ్యమైనది శ్వాస. మణికట్టు మీద నాడి పట్టుకొని నెమ్మదిగా ఊపిరి తీసి చూడండి. పీల్చేటప్పుడు నాడి కొంచెం వేగం పుంజుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. పక్కటెముకల కింద గొడుగులా ఉండే ఉదరవితానం కిందికి దిగితే ఊపిరితిత్తులు నిండుతాయి, పైకి లేస్తే ఖాళీ అవుతాయి. కొత్తగా వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే: "సారూ, పీలిస్తే కడుపు లోపలికి పోవాల్నా, బయటికి రావాల్నా?" పడుకున్నప్పుడు బయటికి రానీయండి, అది సహజం. సాధనలో మాత్రం పొత్తికడుపు కింది భాగాన్ని కొంచెం లోపలికి పట్టి ఉంచి, పక్కటెముకలు విచ్చుకునేలా పీల్చమంటాం. ఆ పట్టునే బంధం అంటారు. గుదస్థానం దగ్గర మూలబంధం, బొడ్డు కింద ఉడ్డియానం. ఊపిరి, ఆసనం, చూపు ఈ మూడూ కలిస్తే త్రిస్థానం. చూపులు తొమ్మిది రకాలు. ముక్కు కొన, బొటనవేలు, బొడ్డు, ఇలా ఏ ఆసనంలో ఎక్కడ చూడాలో ముందే నిర్ణయమై ఉంటుంది, కాబట్టి పక్కవాడు ఎంత వంగాడో చూసే తీరిక దొరకదు.

ఊపిరే ఒంటిని నడుపుతుందన్న సంగతి మా పిల్లలకు చెప్పడానికి నేను సరళాసాగర్ తీసుకెళ్తాను. కొత్తకోటకు దగ్గరే. వనపర్తి రాజా తన తల్లి పేరు మీద 1949లో పునాది వేయించిన ప్రాజెక్టు, 1959లో పూర్తయింది. దాని ప్రత్యేకత సైఫన్లు. గేట్లెత్తే మనిషి అక్కర్లేదు. నీళ్లు ఒక మట్టం దాటగానే సైఫన్ గొట్టాల్లో చిక్కుకున్న గాలి బయటికి లాగబడుతుంది, గాలి పోయిన చోటుకి నీళ్లు ఎగదన్ని హోరున దుముకుతాయి. మట్టం తగ్గి మళ్లీ గాలి లోపలికి చొరబడగానే ధార దానంతటదే ఆగిపోతుంది. అంత బరువైన నీటిని కదిలించేదీ ఆపేదీ గాలి రాకపోకలే. కాళ్లు ఎగరేసి వెనక్కి వేయడం రాక భుజాలతో కొట్టుకునే కుర్రాళ్లకు అక్కడ కట్ట మీద నిలబెట్టి ఇదే చెప్తాను. వదిలే ఊపిరి చివర పొట్ట ఖాళీ అయినప్పుడే నడుము తేలిక అవుతుంది. ఆ క్షణం కోసం ఆగు, అప్పుడు ఎగురు.

ఇక ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందంటే, మనకు తెలిసినంతలో కథ తిరుమల కృష్ణమాచార్యతో మొదలుపెట్టాలి. 1888లో చిత్రదుర్గ దిక్కున పుట్టారు. సంస్కృతం, దర్శనాలు, ఆయుర్వేదం చదివారు. హిమాలయాల్లో రామమోహన బ్రహ్మచారి అనే గురువు దగ్గర ఏడేళ్లకు పైగా ఉన్నానని చెప్పుకొన్నారు. అంత చదివిన మనిషి తిరిగొచ్చాక హాసన్ దిక్కున కాఫీ తోటలో పని చేసి ఇల్లు నడిపారు. తీరిక దొరికినప్పుడు ఊళ్లలో ఆసనాల ప్రదర్శనలు ఇచ్చేవారు. 1927లో హాసన్‌లో అలాంటి ప్రదర్శన ఒకటి పన్నెండేళ్ల పిల్లవాడు చూశాడు. మర్నాడే ఆయన ఇంటికి వెళ్లి నేర్పమన్నాడు. అతనే కె. పట్టాభి జోయిస్.

తర్వాత మైసూరు మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడయార్ కృష్ణమాచార్యను పిలిపించి 1933లో జగన్మోహన్ ప్యాలెస్‌లో యోగశాల పెట్టించారు. 1934లో ఆయన రాసిన 'యోగ మకరంద' కన్నడంలో వచ్చింది. ఏ విన్యాసంలో పీల్చాలి, ఎందులో వదలాలి అన్నది అందులో ఆసనం ఆసనానికీ చెప్పి ఉంటుంది. బి.కె.ఎస్. అయ్యంగార్ ఆ శాలలోనే నేర్చుకున్నారు. 1938లో తీసిన మూకీ ఫిల్ము ఒకటి ఇప్పుడు ఫోన్లో దొరుకుతుంది. కుర్రవాడైన అయ్యంగార్ ఒక ఆసనంలోంచి ఇంకొకదానిలోకి గాల్లో తేలినట్టు వెళ్తుంటారు. యాభై ఏళ్ల కృష్ణమాచార్య పొట్ట లోపలికి లాగితే వెన్నెముకకు అంటుకుందేమో అనిపిస్తుంది. చప్పుడు లేని ఆ బొమ్మలోనూ పక్కటెముకలు లేచి దిగడం చూస్తే ఊపిరి వినపడుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లకు మొదటి వారంలోనే అది చూపిస్తాను.

పట్టాభి జోయిస్ మైసూరు సంస్కృత కళాశాలలో పాఠాలు చెబుతూ 1948లో లక్ష్మీపురంలో తన సొంత శాల పెట్టారు. 1962లో ఆయన 'యోగ మాల' అచ్చయింది. 1964లో బెల్జియం నుంచి ఆంద్రే వాన్ లైస్‌బెత్ అనే ఆయన వచ్చి నేర్చుకొని, తన పుస్తకంలో మైసూరు చిరునామా రాశాడు. అక్కడి నుంచి యూరప్ కదిలింది. 1975లో జోయిస్ అమెరికా వెళ్లారు. 2002లో గోకులంలో పెద్ద శాల కట్టారు. 2009లో ఆయన పోయాక మనవడు శరత్ నడిపించారు. శరత్ కూడా 2024 నవంబరులో అమెరికాలో ఉండగా 53 ఏళ్లకే కన్నుమూశారు.

ఈ పద్ధతికి మూలం 'యోగ కొరుంట' అనే పాత గ్రంథమని మైసూరు పరంపర చెప్తుంది. ఆ ప్రతి చీమలు తినేశాయని అంటారు, ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. 1996లో నార్మన్ షోమన్ అనే పరిశోధకుడు మైసూరు ప్యాలెస్ యోగ సంప్రదాయం మీద పుస్తకం రాసి, ఈ విన్యాసాల్లో గరిడీ కసరత్తుల పాలు చాలా ఉందని వాదించాడు. కొందరు దీన్ని సంప్రదాయానికి అవమానంగా తీసుకున్నారు. నాకు మాత్రం గర్వంగా అనిపించింది. కన్నడిగుల గరడి, మన గరిడి, మా తాలీం అన్నీ ఒకే మట్టి. మా తాత పతంజలి పేరు వినలేదు, అయినా చత్వారి దగ్గర ఊపిరి వదలాలని ఆయనకు తెలుసు. ఇంకో సంగతి. తెలంగాణ పల్లెల్లో పరశురామపంతుల లింగమూర్తి 'సీతారామాంజనేయ సంవాదం' చదివే ముసలివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పీల్చడం, వదలడం, నిలపడం అనే పూరక, రేచక, కుంభకాలు ఈ నేలకు కొత్త మాటలు కావు. ఆ ధ్యానం ఒక అరుగు మీద, ఈ కసరత్తు ఇంకో గరిడీలో విడివిడిగా ఉండేవి. మైసూరు వాళ్లు రెండింటినీ ఒక చోటికి చేర్చారు.

నేను 2006 వేసవి సెలవుల్లో మైసూరుకు వెళ్లాను. మహబూబ్‌నగర్‌లో రైలెక్కి బెంగుళూరు, అక్కడి నుంచి మైసూరు. ఆ సంప్రదాయంలో నేర్చుకున్న ఒక పెద్దాయన ఇంట్లో నెల రోజులు. అక్కడ నాకు బాగా నచ్చింది నేర్పే తీరు. అందరూ ఒకే గదిలో ఉంటారు, కానీ ఎవరి సాధన వారిది. ఒకరు మొదటి నమస్కారంలో ఉంటే పక్కవాళ్లు శీర్షాసనంలో ఉంటారు. గురువు గట్టిగా ఏమీ చెప్పరు. ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి ఆ రోజుకు కావలసిన ఒక్క మాట చెప్పి పోతారు. ఇచ్చిన ఆసనం ఊపిరి చెదరకుండా వస్తేనే తర్వాతిది ఇస్తారు. ఇరవై ఏళ్లు ఈల ఊది వందమంది పిల్లలతో ఒకేసారి డ్రిల్లు చేయించిన నాకు అది కళ్లు తెరిపించింది. మొదటి వరుసకు యోగ చికిత్స అని పేరు, రెండోదానికి నాడీ శోధన. మొదటిది పూర్తిగా చేస్తే గంటన్నర పడుతుంది. చాలామందికి జీవితమంతా అదే చాలు.

తొందర పడితే ఏమవుతుందో నా మోకాలే సాక్ష్యం. మూడో వారంలో మరీచ్యాసనంలో అర్ధ పద్మాసనం పట్టు పడకపోతే చేత్తో కాలు లాగాను. ఊపిరి ఆగిందని తెలుసు, అయినా లాగాను. లోపల టక్కుమంది. తిరుగు రైల్లో మెట్లెక్కడానికి ఇంకొకరి భుజం పట్టుకోవలసి వచ్చింది, ఆర్నెల్లు కింద కూర్చోలేకపోయాను. తుంటి తిరగనప్పుడు ఆ భారమంతా మోకాలి మీద పడుతుంది. నేల మీద కూర్చొని జొన్నరొట్టె తిన్న తరానికి తుంటి వదులుగా ఉంటుంది. కుర్చీల్లో పెరిగిన పిల్లలకు బిగుసుకుపోయి ఉంటుంది. అందుకే నా దగ్గర పద్మాసనం కోసం ఎవరూ ఎవరి కాలూ లాగరు.

చెయ్యి వేసి సరిచేయడం గురించి దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. పట్టాభి జోయిస్ ఆసనాలు సరిదిద్దే పేరుతో తమను అనుచితంగా తాకారని ఆయన శిష్యురాళ్లు కొందరు బహిరంగంగా చెప్పారు. 2019లో మనవడు శరత్ విచారం వ్యక్తం చేశారు. ఆ స్త్రీల మాటను నేను నమ్ముతున్నాను. ఈ విద్య గొప్పదే అయినా నేర్పినవాళ్ల తప్పు కప్పిపుచ్చితే ఆ గొప్పతనం నిలవదు. అడగకుండా నేను ఎవరి ఒంటి మీదా చెయ్యి వేయను. మాటతోనే చెప్తాను. ఆడవాళ్లకు అవసరమైతే పాత విద్యార్థినులే సాయం పడతారు.

అందరికీ అన్నీ కుదరవు కూడా. రక్తపోటు, కంటి లోపలి ఒత్తిడి, నడుము డిస్కు, గుండె జబ్బు ఉన్నవాళ్లూ గర్భిణులూ డాక్టరును అడగకుండా ఇందులోకి దిగవద్దు. నల్లగొండ దిక్కు నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను కర్రలా బిగిసింది. ఆసనాలు ఫ్లోరోసిస్‌ను తగ్గించవు, ఆయనకు అదే చెప్పాను. కుర్చీలో కూర్చొని ఏకం, ద్వే రెండే చేసేవాడు. పీలుస్తూ చేతులు ఛాతీ దాకా, వదులుతూ ఒళ్లోకి. కృష్ణమాచార్య కూడా మద్రాసు వెళ్లాక మనిషికి తగ్గట్టు సాధన మార్చి ఇచ్చేవారు. నూరేళ్లు బతికి 1989లో పోయిన ఆ మనిషి చివరిదాకా ఊపిరిని వదిలిపెట్టలేదు.

పద్ధతులు కొన్ని ఉన్నాయి. పొట్ట ఖాళీగా ఉండాలి, తెల్లవారుజాము మంచిది. శనివారం, అమావాస్య, పున్నమి సెలవు. నెలసరి మొదటి మూడు రోజులు ఆడవాళ్లకు విశ్రాంతి. చివర పడుకొని ఐదు నిమిషాలైనా కదలకుండా ఉండాలి. ఆ ఐదు నిమిషాలు ఎగ్గొట్టి రోడ్డెక్కేవాళ్లే ఎక్కువ, దాన్ని నేను ఒప్పుకోను. ఖరీదైన చాప అక్కర్లేదు. కాలు జారని జంఖానా చాలు. ఐక్యరాజ్యసమితి 2014లో ప్రకటించిన యోగా దినోత్సవం జూన్ 21న గ్రౌండు నిండా జనం వస్తారు. చూస్తే సంతోషంగా ఉంటుంది. వాళ్లలో పదిమంది 22న కూడా లేస్తే నాకు ఇంకా సంతోషం.

మీరు ఏ ఊళ్లో ఉన్నా రేపు పొద్దున ముఖం కడుక్కున్నాక, చాయ్ తాగకముందు నిలబడండి. పాదాలు జోడించి ఐదుసార్లు చప్పుడు వినపడేలా పీల్చి వదలండి. తర్వాత ఏకం, ద్వే ఈ రెండే, మూడుసార్లు. పీలుస్తూ చేతులు పైకి, వదులుతూ వంగండి. చేతులు నేలకు అందకపోతే మోకాళ్ల మీద ఉంచండి. వారం రోజులు దానికి ఇంకేమీ కలపొద్దు. ఊపిరి ఎక్కడ ఆగుతుందో మీకే తెలుస్తుంది. ఆ తర్వాత దగ్గర్లో నేర్పేవాళ్లను వెతుక్కోండి.

కొత్తకోట మీదుగా పోయేవాళ్లకు మా తలుపు ఐదింటికి తెరిచే ఉంటుంది, శనివారం, అమావాస్య, పున్నమి తప్ప.